తమ్ముడు వెనక కూర్చున్న ప్రయాణం

నా తమ్ముడికి చూపు పోతుందని డాక్టరు చెప్పిన వారానికే వాడు నాకు మోటారు సైకిల్ నేర్పడం మొదలుపెట్టాడు. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు నలభై ఒకటి. వాడు నాకంటే ఏడేళ్ళు చిన్న.

మాది కేతేపల్లికి దగ్గర్లో ఒక చేనేత ఊరు. పెళ్ళయిన ఆరేళ్ళకే భర్త జ్వరంతో పోతే నేను పుట్టింటికి వచ్చి అంగన్‌వాడీలో పనికి కుదిరాను. అమ్మ, బాపు పోయాక ఇంట్లో మిగిలింది నలుగురం. నేను, తమ్ముడు, వాడి భార్య, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. మరదలు పరాయి పిల్ల కాదు, మా మేనమామ బిడ్డే.

తమ్ముడు చీరలు నేసేవాడు. నేయడానికి ముందు, నూలుకు రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో కట్లు కట్టాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా చీర మీద పువ్వు చెదిరిపోతుంది. మా ఊళ్ళో ఆ పనికి వాడిని మించినవాడు లేడనేవారు. అలాంటివాడు పొద్దు వాలితే గడప తట్టుకుని పడబోయేవాడు. పక్కనే పెట్టిన మంచినీళ్ళ చెంబు కోసం అటూ ఇటూ తడిమేవాడు. ఒంట్లో బలం తగ్గిందనుకున్నాం. మరదలు రోజూ పొన్నగంటి కూర వండిపెట్టింది.

ఒకనాడు పట్టపగలు, నేసిన చీరలు బండికి కట్టుకుని పోతూ వాడు ఒక గొర్రెను గుద్దాడు. ఎడమ పక్క కంచె సందులోంచి మంద మొత్తం రోడ్డెక్కుతోంది. అన్ని గొర్రెలు, మెడల్లో గంటలు, ముందు నడుస్తున్న ముసలి కాపరి, ఏవీ వాడికి కనిపించలేదు. గొర్రె చూడిది. కాపరి దాని తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడట. తిట్టలేదట. "ఎటు జూసుకుంట వస్తున్నవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాడట. "ముందట్నే చూస్తున్న తాతా" అన్నాడట వీడు. ఇంటికి వచ్చాక ఆ మాట నాతో రెండు మూడుసార్లు చెప్పాడు. "అబద్ధం కాదక్కా. ముందట్నే చూస్తున్న."

హైదరాబాదులో కంటి డాక్టరు వాడిని ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి చాలాసేపు పరీక్ష చేశాడు. తరువాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "మీకు కనిపిస్తున్నది ఒక గొట్టంలోంచి చూసినంతే. పక్కలన్నీ పోయాయి. ఆ గొట్టం ఏటేటా ఇంకా సన్నబడుతుంది. దీనికి ప్రస్తుతం మందు లేదు. బండి మాత్రం ముట్టుకోకండి." మేనరికం పెళ్ళి అని తెలిసి, ఇది పిల్లలకూ రావచ్చని, ఉంటే ఒకసారి తీసుకురమ్మన్నాడు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. "మా బిడ్డకేం లేదు సార్. మంచిగ చూస్తది" అని బయటికి నడిచాడు. తలుపు రెక్క వాడి భుజానికి కొట్టుకుంది.

ఊళ్ళో బస్సు దిగాక బండి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంట్ల ఒక్కరికన్న బండి రావాలె. నీ మరదలుకు భయం. నువ్వు నేర్చుకో."

నేర్పడంలో వాడు మొదటి రెండు రోజులు ఇంజను స్టార్ట్ చేయనివ్వలేదు. మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో బండిని చేతులతో తోసుకుంటూ తిరగమన్నాడు. అది ఎంత బరువో, ఎటు ఒరిగితే ఆపగలనో, ఎక్కడి దాకా ఒరిగితే ఇక ఆపలేనో నా ఒంటికి తెలియాలన్నాడు. మూడో రోజు క్లచ్చి. పూర్తిగా విడవకుండా, పూర్తిగా పట్టకుండా, బండి కదలడం మొదలయ్యే చోటును వేళ్ళతో వెతకమన్నాడు. ఆ తరువాత బ్రేకులు. ముందుది, వెనకది కలిపి మెల్లగా నొక్కాలి, ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారే గుంజకూడదు. యార్డు గోడ మీద కూర్చుని ఇంజను చప్పుడు విని చెప్పేవాడు. "గేరు మార్చు. బండి మూల్గుతాంది, వినవస్తలేదా?" నేను చీర కొంగు బొడ్డులో దోపుకుని తిరుగుతుంటే జనం ఆగి చూసేవాళ్ళు. తరువాత పంజాబీ డ్రెస్సు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. నాలుగు నెలలకు లైసెన్సు వచ్చింది.

వచ్చిన రోజే వాడు అడిగాడు. "నల్లమల తీస్కపో అక్కా. శ్రీశైలం ఘాటు మీద కిష్ణ కనవడే జాగ ఉంటది. ఇంకా జర కనవడ్తాంది గదా. పోయేలోపు ఒక్కసారి చూస్త."

పెళ్ళికి ముందు స్నేహితులతో కలిసి వాడు ఆ దారిన రెండుసార్లు పోయాడు. మరదలు వద్దన్నది. "మొన్ననే నేర్చుకున్నది వదినె. దారిల ఏమన్న అయితె?" వాడు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. "గీడ కూసుంటె ఏం గాదా?" అన్నాడు.

వానలు వెనకబట్టాక, చేన్లు పచ్చగా ఉన్నప్పుడు బయలుదేరాం. రెండు రోజులు పోను, రెండు రోజులు రాను. నాకు అలవాటు లేదు గనక మధ్యలో దేవరకొండలో మా చిన్నమ్మ ఇంట్లో ఆగాలనుకున్నాం. తెల్లారి బండి దగ్గర వాడు టైర్లు బొటనవేలితో నొక్కి చూశాడు, గొలుసు కిందికీ పైకీ ఊపి బిగువు చూశాడు. అద్దాలు నన్నే సరిచేసుకోమన్నాడు. "అద్దంల నీ భుజం కొస జరంత కనవడాలె. మిగిలిందంత రోడ్డే ఉండాలె." హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి, వేలు దూర్చి చూశాడు.

పెద్ద రోడ్డు దాటేచోట బండి ఆపాను. వెనక నుంచి వాడు చెప్పాడు. "కండ్లు తిప్పుడు కాదు. మెడ మొత్తం తిప్పు. కుడి దిక్కు, ఎడమ దిక్కు, మల్ల కుడి దిక్కు. కండ్ల సంగతి నాకు తెల్వకముందు నేను మెడ తిప్పుతుంటినా అక్కా? తిప్పలె. తిప్పితె గా గొర్రె బతుకుతుండె." ఆ మాటలు చెవిలో పడుతుంటే నేను మెడ తిప్పి చూసి, రోడ్డు దాటించాను.

నకిరేకల్ దాటాక నల్లగొండ దారిలో వడ్లు రోడ్డు మీద ఆరబోశారు. వాడికి వాసన వచ్చింది. "వడ్లున్నయా? వాటి మీద ఎక్కకు. టైరు జారుతది. ఎక్కక తప్పకపోతె బ్రేకు ముట్టకు, హ్యాండిలు తిప్పకు, నిమ్మలంగ సీదా పో." లారీలు పక్కనుంచి పోయినప్పుడు గాలికి బండి ఊగేది. నేను బిగుసుకుపోతే భుజాల మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కేవాడు. "వదులుగ వెట్టు. చేతులతోని కాదు, మోకాళ్ళతోని బండిని పట్టుకో."

నల్లగొండ దాటి దేవరకొండ దారి పట్టాక, నిజం చెబుతున్నాను, కొంతసేపు నాకు సంతోషమేసింది. ఆకాశానికి ఆనుకున్నట్టు బండల గుట్టలు, వాటి మధ్య పత్తి చేలు, రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు. ఇన్నేళ్ళ బతుకులో నేను ఎవరి వెనకా కూర్చోకుండా ఒక చోటికి పోవడం అదే మొదలు. ఆ సంతోషం ఎందువల్ల వచ్చిందో గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను. తమ్ముడు అడుగుతున్నాడు. "గుట్టలు వచ్చినయా? ఎర్రగున్నయా, నల్లగున్నయా? చెరువుల నీళ్ళున్నయా?" నేను చెబుతూ పోయాను. చూసినవాడు అన్ని ప్రశ్నలు అడగడని ఆ పూట నాకు తట్టలేదు.

రెండో రోజు పొద్దున దేవరకొండ నుంచి డిండి పోయే దారిలో పడ్డాం. మలుపులో బ్రేకు పట్టకూడదని, మలుపుకు ముందే వేగం తగ్గించాలని వాడు నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. అయినా మలుపులోకి వచ్చాక రోడ్డు మీద కంకర కనబడేసరికి చెయ్యి దానంతటదే ముందు బ్రేకు గుంజింది. ముందు టైరు పక్కకు జారింది. నెమ్మదిగానే పోతున్నాం గనక పెద్ద దెబ్బలు తగల్లేదు. నా మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి ఇంజను ఆపి, "తమ్మీ, ఏమన్న తాకిందా?" అన్నాను.

"ఏం గాలే. నా చెప్పు ఏది?" అన్నాడు.

వాడు రోడ్డు పక్క మట్టిలో కూర్చుని ఉన్నాడు. చెప్పు వాడి ఎడమ మోకాలికి జానెడు దూరంలో ఉంది. వాడు కుడి పక్క తడిమాడు. వెనక తడిమాడు. తల దించి చూశాడు, మళ్ళీ తడిమాడు. నేను ఇవ్వలేదు. చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి వేళ్ళకు తగిలింది. తీసి తొడుక్కుని, దుమ్ము దులుపుకుని, నేను చూడలేదనుకుని నా వైపు నవ్వాడు.

"నిజం చెప్పు" అన్నాను. "ఎంత కనవడ్తాంది?"

"కనవడ్తాంది."

"ఎంత?"

వాడు నా ముఖం వైపు తిరిగాడు. "గింత దూరంల నీ ముక్కు కనవడ్తాంది. కండ్లు కనవడ్తున్నయి. చెవులు కనవడ్తలెవ్వు. చెవులు చూస్తె ముక్కు పోతది."

"మరి ఇంట్ల మంచిగున్న అంటివి. మగ్గం ఎట్ల నేస్తున్నవ్?"

"నేస్తలేను. ఆర్నెల్ల సంది కట్లు కట్టుడు, నేసుడు అంత నీ మరదలే. నేను ఉత్తగ మగ్గం ఆడిస్త. మీకు చప్పుడు ఇనవడాలె గద."

మరదలుకు ఇదంతా తెలుసు. నాకు తెలియనివ్వకుండా ఇద్దరూ దాచారు. ఇంత అబద్ధం మోసుకుని నన్నింత దూరం తీసుకొచ్చాడని కోపం వచ్చింది. వెనక్కి పోదామన్నాను. వాడు బండి సీటు పట్టుకుని నిలబడ్డాడు. "పోదాం. కని మళ్ళొచ్చే ఏడు నువ్వు తీస్కొచ్చినా నాకేం ఉండదక్కా."

డిండి దగ్గర ప్రాజెక్టు నిండుగా ఉంది. హోటల్ ముందు బల్ల మీద కూర్చుని చాయ తాగాం. ఎదురుగా బోర్డు, కుడికి కల్వకుర్తి, ఎడమకు శ్రీశైలం. వాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "బండి నీది. ఎటు తిప్పుతవో నీ ఇష్టం" అన్నాడు. నేను ఎడమకు తిప్పాను.

మన్ననూరు దాటాక అడవి దగ్గరికి వచ్చింది. చెట్ల కింద చల్లబడింది. రోడ్డు పక్క గోడల మీద కోతులు బారుగా కూర్చుని ఉన్నాయి. ఘాటులో వాడు చెప్పిన మాటలు నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. "లోయ దిక్కు చూడకు. మనం ఎటు చూస్తె బండి అటే పోతది. మలుపు ఆఖరున ఎటెల్లాల్నో గది చూడు." "దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకు. సెకండు గేర్ల వెట్టు, ఇంజనే ఆపుతది." "ఎదురుంగ బస్సొస్తె నీ పక్కకు నువ్వుండు, తొందరవడకు." నేను ఒరిగినప్పుడల్లా నాతోపాటు సరిగ్గా అంతే ఒరిగేవాడు. వెనక కూర్చున్నవాడు భయపడి ఎదురు దిక్కు ఒరిగితే బండి మలుపు తిరగదని ముందే చెప్పాడు. వాడి బరువు నా వీపు మీద ఉందన్న సంగతే తెలియలేదు. నేను అంత బాగా ఎప్పుడూ నడపలేదు.

కృష్ణ కనిపించే మలుపు దగ్గర బండి ఆపాను. మిట్టమధ్యాహ్నం. కింద ఎంతో లోతున నది, రెండు దిక్కులా కొండలు ఒకదాని వెనక ఒకటి, దూరానివి నీలంగా. వాడు గోడ దగ్గరికి వచ్చి చేతులు ఆనించి నిలబడ్డాడు. ముఖం కాస్త పైకి పెట్టి, కాస్త కిందికి పెట్టి చూశాడు.

"ఏడున్నది?"

"కింద."

"ఏడ కింద?"

నేను వెనక నిలబడి రెండు చేతులతో వాడి తల పట్టుకున్నాను. ఎడమ చివర కొండ దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా తిప్పాను. "ఇది కొండ. గిది ఇంకో కొండ. ఇప్పుడు జర కిందికి. నీళ్ళు." "ఆ, నీళ్ళు" అన్నాడు. "తెల్లగ మెరుస్తున్నయి." ఇంకొంచెం తిప్పాను. "కొండ వచ్చింది. నీళ్ళు పోయినయి" అన్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పాను. చిన్నప్పుడు వాడికి తల దువ్వినట్టే పట్టుకుని అటూ ఇటూ చాలాసేపు తిప్పాను. నది మొత్తం ఒక్కసారి వాడికి కనిపించలేదు. కార్లు ఆపి ఫొటోలు దిగుతున్నవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

"చాలక్కా" అన్నాడు. గోడకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"మొన్న పొద్దుమూకంగ చిన్నది గడప కాడ బిందె తన్నుకున్నది. నువ్వు చూసినవా?"

చూశాను. బిందె దారికి అడ్డంగానే ఉంది. పిల్లకు తొమ్మిదేళ్ళు. పరధ్యానంగా ఉందిలే అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ క్షణంలో నాకు తమ్ముడు గడప తట్టుకోవడమే గుర్తొచ్చింది.

"చూసిన" అన్నాను.

"నాకు గా ఈడుల గట్లనే అయ్యేది. అమ్మ కొట్టేది, చూసుకుంట నడువుమని." అన్నాడు. "దాన్ని దవాఖానకు నువ్వే తీస్కపో. నేను రాను. గా డాక్టరు చెప్తుంటె కూసోని ఇననీకి నాతోని కాదు."

"ఏం లేకుంటె?"

"లేకుంటె మంచిదే." తరువాత అన్నాడు. "దానికి బండి మీద ఆశ వెట్టకక్కా. నిన్ను చూసి నేర్పుమంటది."

నేను ఏదో ఒకటి అనాలి. దేవుడున్నాడనో, రేపు మందు వస్తుందనో. కోతి ఒకటి వచ్చి మా సంచి లాగింది. వాడు పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. అది సీతాఫలం ఒకటి తీసుకుని పోయింది.

తిరుగు ప్రయాణంలో వాడు ఒక్క పాఠం కూడా చెప్పలేదు. మలుపులకు ముందే తగ్గించాను, అద్దాలు చూసుకున్నాను, గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టకుండా పక్కకు ఆపి పోనిచ్చాను. తప్పు చేస్తే తిడతాడేమోనని ఒకసారి కావాలనే గేరు మార్చకుండా ఇంజనును ఏడిపించాను. వెనక నుంచి మాట రాలేదు. ఇంటి ముందు దిగగానే మరదలు వాడి చెయ్యి పట్టుకుని అడిగింది. "మంచిగ చూసినవా?" "మస్తు చూసిన" అన్నాడు.

పిల్లను ఆ నెలలోనే హైదరాబాదు తీసుకుపోయాను. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. పిల్లకు అది ఆటలా ఉంది. నవ్వుతూ నొక్కింది. నేను వెనక కుర్చీలో కూర్చుని ఆ బటన్ చప్పుడు విన్నాను. కొన్నిసార్లు వెంటవెంటనే టక్కుటక్కుమనేది. కొన్నిసార్లు చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. పిల్ల అలాగే కళ్ళు పెద్దవి చేసి, వేలు బటన్ మీద పెట్టి, వెలుగు కోసం చూస్తుండేది. డాక్టరు పిలవకముందే నాకు అర్థమైంది.

ఇంటికి వచ్చి చెబితే తమ్ముడు "సరే" అన్నాడు. మరదలు మాత్రం గోడకు తల ఆనించి, "మనమే చేసినం గదా వదినె" అని మళ్ళీ మళ్ళీ అన్నది. చిన్నప్పటి నుంచి ఇష్టపడి చేసుకున్న పెళ్ళి వాళ్ళది. అప్పట్లో అందరం సంబరపడ్డాం. పిల్ల సంగతి తెలిశాక వాళ్ళిద్దరూ ఒకే గదిలో కూర్చోవడం కూడా తక్కువైంది.

ఇప్పుడు వాడికి కిటికీ ఏ దిక్కున ఉందో తెలుస్తుంది, అంతే. మగ్గం విప్పేశారు. ఆ గుంటను పలకలతో మూసి, పైన ధాన్యం బస్తాలు వేశారు. మరదలు ఇంకొకరి ఇంట్లో మగ్గానికి పోతుంది. పిల్లకు పదహారు నిండాయి. పొద్దు వాలితే ఒంటరిగా బయటికి పోదు. బడికి దింపడానికి, తీసుకురావడానికి, దవాఖానకు, సంతకు నేనే బండి తీస్తాను. ఇన్నేళ్ళలో నేను మళ్ళీ పడలేదు. బండి నేర్చుకుంటామని ఊళ్ళో ఆడపిల్లలు ఇద్దరు వస్తే యార్డులో వాళ్ళకూ నేర్పాను. తోసుకుంటూ తిరగడంతోనే మొదలుపెట్టాను. వాళ్ళు తిరుగుతుంటే మా పిల్ల గోడ మీద కూర్చుని విన్నది. నేర్పమని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

పోయిన ఏడు వానలు తగ్గాక తమ్ముడి పక్కన కూర్చుని, "నల్లమల పోదామా తమ్మీ? ఇప్పుడు మంచిగ నడుపుత. ఒక్కనాడే పోయి రావచ్చు" అన్నాను.

వాడు కిటికీ దిక్కు ముఖం తిప్పాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"పోయి ఏం జెయ్యాలక్కా?"

నేను లేచి వెళ్ళి బండి మీద కవరు కప్పాను.